నియ్యత్‌కు గవాహ్ ఎవరు?

మా అమ్మీ నాకు నమాజ్ నేర్పేటప్పుడు అన్నిటికన్నా ముందు చెప్పింది నియ్యత్ గురించి. చేతులు ఎత్తకముందే, ఏ నమాజ్ చదవబోతున్నానో మనసులో అనుకోవాలి. "గట్టిగా అనాల్నా అమ్మీ?" అని అడిగాను. "దిల్ మే బోల్‌లే బేటా, అల్లా సున్‌లేతా" అన్నది. దిల్లో అనుకున్నది అల్లా వింటాడు, పక్కన సఫ్‌లో నిలబడ్డవాడికి వినబడాల్సిన పని లేదు. చిన్నప్పుడు ఆ మాట నాకు భలే నచ్చింది. నియ్యత్‌కు గవాహ్ అక్కర్లేదన్న మాట.

ఆ తర్వాత ఇరవై ఏళ్లకు జిల్లా కోర్టు వరండాలో నిలబడినప్పుడు అదే మాట నాకు అడ్డం తిరిగింది. ఈ రోజు ఆ సంగతి రాస్తున్నాను. చాలా ఏళ్లుగా రాయాలనుకుంటూ వాయిదా వేస్తున్నది. ఇందులో ఎవరి పేరూ రాయను. పేర్లు రాసి ఒకసారి చేసిన నుక్సాన్ చాలు.

అది 2004. నేను ఒక తెలుగు దినపత్రిక జిల్లా ఎడిషన్‌కు కంట్రిబ్యూటర్‌ని. పదో తరగతి దాకా ఉర్దూ మీడియం, ఆ తర్వాత తెలుగు ప్రధానాంశంగా డిగ్రీ. డెస్కులో ఒక సబ్ ఎడిటర్ నా కాపీ రాగానే "ఇందులో నుంచి బగారా అన్నం వాసన వస్తోంది" అని నవ్వేవాడు. నేనూ నవ్వేవాణ్ని. లోపల మాత్రం మండేది. అందుకని వాళ్లకన్నా చిక్కటి తెలుగు రాయాలని ఒక జిద్దు పట్టుకుంది. నేరవార్తల తెలుగు అన్నిటికన్నా తొందరగా వంటబట్టింది. దారికాచి, మాటు వేసి, పథకం ప్రకారం, కిరాతకంగా, కర్కశంగా. ఆ లఫ్జులు డబ్బాలో పోసిపెట్టుకున్న మసాలాలాంటివి. చెయ్యి పెడితే చాలు, వచ్చేస్తాయి.

మా మొహల్లాలో ఒక గోష్ దుకాణం ఉండేది. నడిపేవాణ్ని అందరం భాయ్ అనేవాళ్లం. ఆయన చెల్లెల్ని మా వీధిలోనే ఇచ్చారు. ఆమె మా అమ్మీ దగ్గర కుట్టుపని నేర్చుకుంది, నాకు ఆపా. ఆపా షోహర్ తాగి కొడతాడని మొహల్లా అంతటికీ తెలుసు. జమాత్ పెద్దలు రెండుసార్లు కూర్చోబెట్టి మాట్లాడారు. రెండోసారి భాయ్ లేచి, "ఇంకోసారి చెయ్యి లేపితే నేనేం జేస్తనో నాకే తెల్వదు" అన్నాడు. పది మంది విన్నారు.

నెల తిరక్కుండా ఒక పొద్దున ఆపా షోహర్ కమేలా వెనక మోరీ పక్కన శవమై కనిపించాడు. ఎడమ తొడ మీద ఒకే ఒక కత్తిపోటు. రక్తమంతా కారిపోయి చనిపోయాడు. చూసినవాళ్లు ఎవరూ లేరు. భాయ్ మూడు రోజులు ఊళ్లో లేడు. నాలుగో రోజు పోలీసులు ఆయన్ని మొహం మీద తువ్వాల కప్పి ప్రెస్‌మీట్‌లో నిలబెట్టారు.

ఆ రాత్రి నేను రాసిన వార్తకు శీర్షిక నాదే: "బావమరిది కాదు.. కసాయి!" లోపల మొదటి వాక్యం, "పథకం ప్రకారం మాటు వేసి బావను హతమార్చాడు" అని. పోలీసులు చెప్పారన్న మాట కూడా తగిలించలేదు. నేనే పక్కన నిలబడి చూసినట్టు రాశాను. మర్నాడు డెస్కు నుంచి ఫోన్ వచ్చింది. హెడ్డింగ్ అదిరిందన్నారు. బగారా అన్నం ముచ్చట ఎవరూ ఎత్తలేదు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి ఆ లఫ్జ్ గురించి చెప్పాలి. మా ఇళ్లల్లో ఖసాయి అంటే ఒక పేషా. కుమ్మరి, కంసాలి అన్నట్టే. బక్రీద్ నాడు ఖసాయి ఎప్పుడొస్తాడా అని ఇంటిల్లిపాదీ గుమ్మంలో నిలబడి ఎదురుచూస్తాం. అదే లఫ్జ్ తెలుగులోకి వచ్చి కసాయి అయ్యాక జాలిలేనివాడని మానే మారిపోయింది. ఆ పత్రికలో ఆ రెండు మానేలూ తెలిసినవాణ్ని బహుశా నేనొక్కణ్నే. తెలిసే ఆ శీర్షిక పెట్టాను. అందులో ఉన్న చమత్కారం అదే కదా. ఒక మనిషి పేషానే ఆయన నియ్యత్‌గా రాసేశాను.

ఖైర్. కేసు సెషన్స్ కోర్టుకు వచ్చింది. డిఫెన్స్ వకీల్ సాబ్ పెద్దాయన, పాత రోజుల్లో ఉర్దూలో చదువుకున్నవాడు. నాకు ఉర్దూ వచ్చని తెలిసి వరండాలో చాయ్ తాగుతూ కబుర్లు చెప్పేవాడు. నా వార్త ఆయన చదివాడు. దాని గురించి ఒక్క మాట అనలేదు. దానికి బదులు నాకు ఖానూన్ నేర్పించాడు.

"చూసిన గవాహ్ లేని కేసుల్ని ఉర్దూలో ఏమంటరు?" అని అడిగాడు ఒకరోజు. ఖరాయినీ షహాదత్ అన్నాను. "ఖరీనా అంటే?" సూచన, ఆనవాలు అన్నాను. "మీ అమ్మీ నిన్ను ఖరీనేసే కూర్చో అని తిట్టలేదా ఎప్పుడూ?" నవ్వొచ్చింది. రోజూ తిట్టేది. ఖరీనా అంటే ఆనవాలు, ఖరీనా అంటే పద్ధతిగా అమర్చినది కూడా. "అంతే మియా. ఆనవాళ్లు ఉంటే సరిపోదు. పద్ధతిగా అమరాలి. ఒక్కటి పక్కకు జరిగినా మొత్తం ఖరాబు."

ఆ అమరిక ఎట్లా ఉండాలో సుప్రీంకోర్టు 1984లో సార్దా కేసులో చెప్పింది. మహారాష్ట్రలో ఒక కొత్త పెళ్లికూతురు సైనైడ్ విషంతో చనిపోయిన కేసు అది. కింది కోర్టూ హైకోర్టూ భర్త హంతకుడన్నాయి. సుప్రీంకోర్టు ఆయన్ను వదిలేస్తూ ఐదు సూత్రాలు రాసింది. వకీళ్లు దాన్ని పంచశీల అంటారు. ప్రతి పరిస్థితీ పూర్తిగా రుజువు కావాలి. అవన్నీ నేరం చేశాడన్న ఒక్క మాటకే సరిపోవాలి. వాటి బలం తిరుగులేనిదిగా ఉండాలి. ఇంకో రకంగా జరిగి ఉండొచ్చు అన్న ప్రతి ఊహనూ అవి కొట్టేయాలి. గొలుసులో ఒక్క లంకె కూడా ఊడకుండా, ఈ పని చేసింది ఈ మనిషే అని తేలాలి.

భాయ్ కేసులో లంకెలు ఇవి. ఒకటి, రాత్రి పది గంటలప్పుడు ఇద్దరూ కమేలా వైపు నడిచిపోతుంటే చాయ్ హోటల్ అబ్బాయి చూశాడు. రెండు, భాయ్ చూపిస్తేనే రాళ్ల కింద నుంచి కత్తి బయటికి తీశామని పోలీసులు పంచనామా రాశారు. మూడు, ఆయన లుంగీ మీద మనిషి రక్తం ఉందని ల్యాబ్ రిపోర్టు వచ్చింది. ఏ గ్రూపో తేలలేదు. నాలుగు, జమాత్‌లో అన్న మాట. ఐదు, మూడు రోజులు పరారీ.

నేను కోర్టు హాల్లో కూర్చుని ఇవన్నీ రాసుకుంటుంటే వకీల్ సాబ్ వచ్చి చెవిలో అన్నాడు. "ఇవన్నీ ఒక్క సవాల్‌కే జవాబు చెప్తయ్. ఎవరు? ఆ జవాబు ఒప్పుకున్నా ఇంకో సవాల్ మిగుల్తది. ఏ నియ్యత్‌తో?"

నాకు అప్పటిదాకా ఇవి రెండు వేరు సవాళ్లని తట్టలేదు. ఎవరు చేశారో తెలిస్తే ఎందుకు చేశారో, ఏమనుకుని చేశారో దానంతట అదే తెలిసిపోతుంది అనుకున్నాను. మనలో చాలామందిమి అట్లాగే అనుకుంటాం.

ఖానూన్ అట్లా అనుకోదు. ఒక మనిషి చేతిలో ఇంకో మనిషి చనిపోతే దాన్ని ఐపీసీ 299, 300 సెక్షన్లు మెట్లు మెట్లుగా విడదీశాయి. చంపాలనే ఇరాదాతో చేస్తే ఖతల్. చావుకు సరిపోయేంత గాయం చేయాలనే ఇరాదాతో ఆ గాయం చేసినా ఖతలే. 302 కింద ఉరి, లేకపోతే యావజ్జీవం. ఇరాదా లేకపోయినా, ఈ పని వల్ల ప్రాణం పోవచ్చని తెలిసి చేస్తే కింది మెట్టు. 304 రెండో భాగం, గరిష్ఠంగా పదేళ్లు. ఇరాదా ఒకటి, ఇల్మ్ ఇంకొకటి. ఆ రెండింటి మధ్య దూరం ఒక జిందగీ అంత.

ఇక మకసద్ మళ్లీ వేరు. చెల్లెల్ని కొడుతున్నాడన్న కోపం మకసద్ కావొచ్చు. చూసిన సాక్షి లేని కేసులో అది గట్టి లంకె కూడా. అయితే కోపం ఉన్నంత మాత్రాన చంపాలనే అనుకున్నాడని కాదు. బెదిరించాలనుకోవచ్చు, కొట్టాలనుకోవచ్చు, కాలు విరగ్గొట్టాలనుకోవచ్చు.

మరి దిల్లో ఉన్నదాన్ని కోర్టు ఎట్లా చూస్తుంది? బయట కనబడే వాటి నుంచే చూస్తుంది. నియ్యత్ విషయానికొస్తే కళ్లతో చూసిన గవాహ్ వంద మంది ఉన్న కేసు కూడా ఖరాయినీ కేసే. వంద మందీ చెయ్యి లేవడం చూశారు, దిల్ ఎవరూ చూడలేదు.

మన దగ్గరి కేసులే దీనికి నమూనా. గుంటూరు జిల్లా నుంచి వెళ్లిన పున్నయ్య కేసులో 1976లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ముఠా కక్షల్లో ఒక పెద్దమనిషిని బరువైన కర్రలతో కాళ్లూ చేతుల మీద కొట్టారు. తల మీద కొట్టలేదు, ఛాతీ మీద కొట్టలేదు. అయువుపట్టు మీద కొట్టలేదు కాబట్టి చంపే ఉద్దేశం లేదని హైకోర్టు శిక్ష తగ్గించింది. సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. అన్ని ఎముకలు విరిగేలా కొట్టినప్పుడు, ఆ గాయాలన్నీ కావాలని చేసినవే అయినప్పుడు, అవన్నీ కలిసి ప్రాణం తీయడానికి సరిపోయినప్పుడు అది ఖతలే అన్నది.

2006లో మళ్లీ ఆంధ్రప్రదేశ్ నుంచే వెళ్లిన పులిచెర్ల నాగరాజు కేసులో, ఉద్దేశం తేల్చడానికి ఏమేం చూడాలో కోర్టు వరసగా రాసింది. ఆయుధం ఎట్లాంటిది? వెంట తెచ్చుకున్నదా, అక్కడ దొరికిందా? ఒంట్లో ఏ చోట పొడిచాడు? ఎంత బలంగా? ఒక్క దెబ్బా, ఎన్నో దెబ్బలా? అప్పటికప్పుడు కొట్లాట జరిగిందా? పాత పగ ఉందా? ఇట్లా.

ఈ లిస్టు చదువుతుంటే భాయ్ కేసే కళ్ల ముందు తిరుగుతుంది. కత్తి వెంట తెచ్చుకున్నదే. మరి మటన్ కొట్టే మనిషి చేతిలో కత్తి ఉండటం తయ్యారీ కిందికి వస్తుందా? పీపీ గారు వస్తుందన్నారు. రాత్రి పూట కత్తితో ఏం పని అన్నారు. క్రాస్‌లో చాయ్ హోటల్ అబ్బాయి అమాయకంగా అన్నాడు, "రోజూ దుకాణం బంద్ జేసినంక కత్తులు గోనెసంచిల సుట్టుకొని ఇంటికి తీస్కపోతడు సార్." మొహల్లాలో నాతో సహా అందరికీ తెలిసిన సంగతే అది. నేను రాయలేదు.

తొడ మీద పోటు గురించి ఇంకా పెద్ద బహస్ జరిగింది. పీపీ గారు లేచి, "ముద్దాయి వృత్తిరీత్యా కసాయి. ఏ నరం తెగితే ప్రాణం పోతుందో ఈ కోర్టులో అందరికన్నా ఆయనకే బాగా తెలుసు" అన్నారు. వకీల్ సాబ్ లేచి, "అవును యువర్ ఆనర్. అంత తెలిసినవాడు నిజంగా చంపాలనుకుంటే గొంతు వదిలి తొడ మీద ఎందుకు పొడుస్తాడు?" అన్నాడు. ఒకే ఖరీనా. ఇటు తిప్పితే ఇరాదా ఉందంటుంది, అటు తిప్పితే లేదంటుంది. రెండు మానేలూ సరిసమానంగా నిలబడితే ముద్దాయికి అనుకూలమైనదే తీసుకోవాలన్నది ఖానూన్.

వకీల్ సాబ్ 1968 నాటి హర్జిందర్ సింగ్ తీర్పు చదివి వినిపించాడు. ఢిల్లీ కేసు. అందులోనూ తొడ మీదే ఒక్క కత్తిపోటు. పెద్ద రక్తనాళం తెగి మనిషి చనిపోయాడు. పెనుగులాటలో పడ్డ పోటు కాబట్టి, సరిగ్గా ఆ గాయమే చేయాలనుకున్నాడని రుజువు కాలేదని, ఖతల్ కాదు 304 అని సుప్రీంకోర్టు చెప్పింది. పీపీ గారు 1958 నాటి విర్సా సింగ్ తీర్పు తీశారు. జస్టిస్ వివియన్ బోస్ రాసినది. కావాలని ఆ గాయం చేశాడని తేలితే చాలు, అది ప్రాణం తీసేంత గాయమని వాడికి తెలుసా లేదా అన్నది అక్కర్లేదు, ఆ సంగతి డాక్టర్ చెప్పాలన్నది దాని సారం.

ఢిల్లీ కేసులో పెనుగులాట జరిగిందని చెప్పడానికి చూసినవాళ్లున్నారు. కమేలా వెనక చీకట్లో ఎవరున్నారు? జడ్జి గారు అదే అడిగారు. పెనుగులాట జరిగిందని మీరెట్లా చెబుతారు?

భాయ్ చెప్పొచ్చు కదా అని మీరు అనుకుంటారు. నేనూ అనుకున్నాను. సాక్ష్యాలన్నీ అయ్యాక జడ్జి గారు ముద్దాయిని ఒక్కొక్క సంగతీ అడుగుతారు. భాయ్ బోనులో నిలబడి ప్రతి దానికీ ఒకటే జవాబు చెప్పాడు. "నాకు తెలియదు. నేను అక్కడ లేను." ఖరాయినీ కేసులో మొదటి రక్షణ అదే, గొలుసు తెంపడం. అయితే అక్కడ లేనన్న నోటితోనే, అక్కడ కొట్లాట జరిగింది, కోపంలో ఒక్క పోటు పడింది అని ఎట్లా చెబుతాడు? "ఒక దర్వాజా తెరవాలంటే ఇంకోటి మూసుకోవాలె మియా. మేము ఈ దర్వాజా ఎంచుకున్నం" అన్నాడు వకీల్ సాబ్. అప్పుడు ఆయన గొంతులో నమ్మకం లేదు.

2006లో తీర్పు వచ్చింది. గొలుసు పూర్తయింది, 302, యావజ్జీవం. నేను ఆ వార్త కూడా రాశాను. ఆపా కోర్టు బయట మర్రిచెట్టు కింద బురఖా కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుంది. షోహర్ పోయి బేవా అయింది, అన్న జైలుకు పోయాడు. నేను ఆమె ముందు నుంచే నడిచి వెళ్లాను. ఆమె ఒక్క మాటే అడిగింది. "బాబూ, మా అన్న మాటు ఏసిండని నీకెవరు చెప్పిన్రు?"

జవాబు చెప్పలేదు. ఆ రాత్రి ఇంటికొచ్చి పాత ఫైలు తీశాను. అరెస్టు రోజు పోలీసులు ఇచ్చిన రిమాండ్ రిపోర్టు జిరాక్స్ అందులో ఉంది. రెండో పేజీ చివర్లో ఒక లైను. ముద్దాయి ఎడమ ముంజేతి మీద మానుతున్న పంటి గాటు, గోళ్ల గీరుళ్లు ఉన్నాయని. దాని కింద పెన్సిల్‌తో గీత గీసి ఉంది. ఆ గీత నాదే. 2004లోనే చదివాను, ముఖ్యమనిపించి గీత కూడా గీశాను. మాటు వేసి చంపినవాడి చేతి మీద పంటి గాటు ఎందుకుంటుంది? ఆ లైను పెడితే మొదటి వాక్యం నిలబడదు, శీర్షిక అసలే నిలబడదు. అందుకని వదిలేశాను. ఇది మరచిపోవడం కాదు. నా నియ్యత్ నాకు తెలుసు.

మర్నాడే ఆ జిరాక్స్ వకీల్ సాబ్ దగ్గరికి తీసుకుపోయాను. ఆయన చూసి తల ఊపాడు. "ఇది రికార్డుల ఉన్నదే. డాక్టర్‌ను అడిగినం. జడ్జి సాబ్ పక్కన పెట్టిండు. అప్పీల్‌ల ఇదే మొదటి పాయింటు." ఆ మాటకు నాకు కొంచెం ఊపిరి ఆడింది. తర్వాత ఆలోచిస్తే ఆ ఊపిరి మీద కూడా సిగ్గేసింది. అది కోర్టుకు తెలుసు, ఊరికి తెలియదు. ఊరు చదివింది నా వార్తనే. ఆపా కూతుర్ని బళ్లో కసాయోళ్ల పిల్ల అని పిలిచేవాళ్లు.

ఈ సంగతులన్నీ బుర్రలో తిరుగుతుండగా పాత ఫిఖా కితాబులు కూడా తిరగేశాను. మన ఉలమా ఈ చిక్కుముడిని వెయ్యేళ్ల కిందటే చూశారు. ఇమామ్ అబూ హనీఫా రాయ్ ప్రకారం దిల్ కనబడదు కాబట్టి ఆయుధాన్ని చూడాలి. పదునైన ఆయుధంతో చంపితే ఖతలే అమద్, అంటే కావాలని చేసిన ఖతల్. కర్రతోనో రాయితోనో చంపితే దానికి ఒక మెట్టు కింద. ఆయన శాగిర్దులు అబూ యూసుఫ్, ఇమామ్ ముహమ్మద్ దీనితో ఏకీభవించలేదు. కంపెనీ సర్కారు బెంగాల్‌లో ఇదే ఖానూన్ నడిపి, 1790లో కార్న్‌వాలిస్ ఆ శాగిర్దుల రాయ్ వైపు మొగ్గాడు. ఆయుధాన్ని బట్టి కాదు, ఉద్దేశాన్ని బట్టి తేల్చాలన్నాడు. చదువుతూ భాయ్ గురించి ఆలోచించాను. పెద్ద ఇమామ్ లెక్కన అయితే కత్తి పట్టిన ఖసాయికి బహసే లేదు, నేరుగా ఖతలే అమద్. మన పాత కితాబుల్లో కూడా సులువైన జవాబు దొరకలేదు. ఆయుధం కనబడుతుంది కాబట్టి దాన్నే నియ్యత్ అనుకోవడం తేలిక. నేను ఆయుధం దాకా కూడా పోలేదు, పేషా దగ్గరే ఆగిపోయాను.

2011లో హైకోర్టు తీర్పు వచ్చింది. చంపింది భాయే, ఆ గొలుసు గట్టిదే అన్నారు. నియ్యత్ దగ్గరికొచ్చేసరికి లెక్క మారింది. ఒకే పోటు, అదీ తొడ మీద. కత్తి ఆయన రోజూ వెంట తీసుకుపోయేదే. ఇద్దరూ కలిసి నడిచిపోయారు తప్ప ఎవరూ ఎవరి కోసం కాచుకొని లేరు. చేతి మీద పంటి గాటు పెనుగులాటకు ఆనవాలు. ముద్దాయి తన నోటితో చెప్పకపోయినా ప్రాసిక్యూషన్ కాగితాల్లోనే అది కనబడుతున్నప్పుడు కోర్టు కళ్లు మూసుకోదు. చంపే ఇరాదా రుజువు కాలేదు. ప్రాణం పోవచ్చన్న ఇల్మ్ మాత్రం ఉంది. 302 తీసేసి 304 రెండో భాగం, ఏడేళ్లు. అప్పటికే దాదాపు ఏడేళ్లు చర్లపల్లిలో గడిచిపోయాయి. భాయ్ ఇంటికొచ్చాడు.

"హత్య కేసులో శిక్ష తగ్గింపు" అని ఐదో పేజీలో నాలుగు లైన్లు వచ్చింది. నేనే పంపాను. నేను పంపింది నలభై లైన్లు. మిగతా ముప్ఫై ఆరు డెస్కులో పోయాయి. పాత వార్త కదా అన్నారు.

ఒకరోజు ఇషా తర్వాత భాయ్ ఇంటికి వెళ్లాను. దుకాణం ఇప్పుడు కొడుకు చూసుకుంటున్నాడు. భాయ్ గల్లా దగ్గర కూర్చుంటాడు, కత్తి ముట్టుకోడు. చాయ్ తెప్పించాడు. నేను పెన్సిల్ గీత సంగతి దాచకుండా చెప్పాను. భాయ్ చాలాసేపు మాట్లాడలేదు.

"సదివినవా?"

"చదివిన భాయ్."

"ఆ ఒక్క లైను హైకోర్టు దాకా పోయి సదివించేందుకు నాకు ఏడేండ్లు పట్టింది. నీకు ఆ దినమే దొరికింది."

మాఫ్ చేయమని అడిగాను. చేశాననీ అనలేదు, చేయననీ అనలేదు. కాసేపాగి తనే అన్నాడు. "నన్నందరూ అడుగుతరు, నీ నియ్యత్ ఏంది భాయ్ అని. వకీల్ సాబ్ అడిగిండు, జైల్ల దోస్తులు అడిగిన్రు. కసం తిని చెప్తున్న, నాకే సక్కగ యాదికి లేదు. గుస్సా యాదికున్నది. వాడు నా చెయ్యి కొరికింది యాదికున్నది. నియ్యత్ యాదికి లేదు."

నా ఇరవై ఏళ్ల నౌకరీలో నియ్యత్ గురించి ఎవరి నోటా అంత నిజమైన మాట వినలేదు. ఒకవేళ అది జైల్లో ఏడేళ్లు కూర్చుని అల్లుకున్న మాటే కావొచ్చు కూడా. ఆ సంగతి తేల్చేది నేను కాదు.

కిస్సా ఇక్కడితో ముగిస్తే నాకు తేలిగ్గా ఉంటుంది. ముగించలేను, ఎందుకంటే చనిపోయినవాడికీ ఒక అమ్మ ఉంది. ఆమె ఉండేది మా వెనక వీధిలో. 2011 తీర్పు తర్వాత ఆమె ఇంటికి నేను వెళ్లలేదు. ఆమే నన్ను మస్జిద్ మలుపులో ఆపింది. "తొడ మీదనంట, పానం తీసే నియ్యత్ లేదంట. తొడైతేంది, గుండెకాయైతేంది? నా పోరడు తెల్లారేదాక మోరీ పక్కన నెత్తురు కారి కారి సచ్చిండు. పొడిసినోడు దవాఖానకు తీస్కపోయిండా? పోనీ ఎవరినన్న లేపిండా? అది ఏం నియ్యత్ బిడ్డా?"

ఇదీ ఖరీనానే. పొడిచిన తర్వాత ఏం చేశాడన్నది కూడా నియ్యత్‌కు ఆనవాలే. భాయ్ పరారైపోయాడు. హైకోర్టు దాన్ని భయం అన్నది, ఆ అమ్మ దాన్ని ఇంకో పేరుతో పిలుస్తుంది. తాగి కొట్టేవాడని ఆమె కొడుకు గురించి ఈ వ్యాసంలో పైన నేనే రాశాను. అది కూడా మొహల్లా మాటే. ఆయన తరఫున ఒక్క గవాహ్‌ని కూడా నేను అడగలేదు. ఆమెకు నా దగ్గర జవాబు లేదు. సలాం చెప్పి వచ్చేశాను.

సెక్షన్ల నంబర్లు ఇప్పుడు మారాయి. 2024 జూలై 1 నుంచి ఐపీసీ పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. 302 ఇప్పుడు 103, 304 ఇప్పుడు 105. ఇరాదాకూ ఇల్మ్‌కూ మధ్య దూరం మాత్రం అంతే ఉంది.

ఇప్పుడు నేను డెస్కులోనే కూర్చుంటున్నాను. కొత్తగా వచ్చే కంట్రిబ్యూటర్ల నేరవార్తల్లో పథకం, మాటు, కిరాతకం, కసాయి కనబడితే కొట్టేస్తాను. ఏం దొరికింది, ఎక్కడ దొరికింది, ఎవరు చెప్పారు, ఇంతే ఉంచుతాను. రిమాండ్ రిపోర్టు రెండో పేజీ చదివావా అని తప్పకుండా అడుగుతాను.

పోయిన వారం ఒక కుర్రాడు ఫోన్ చేశాడు. "సార్, వివాహిత హత్య, భర్త అదుపులో. మీరు కొట్టేసిన తర్వాత లీడ్ మరీ చప్పగా ఉంది సార్. వేరే పేపర్లన్నీ పక్కా ప్లాన్ అని పెడుతున్నాయి."

"నువ్వు చూసినవా ప్లాన్?"

"లేదు సార్. సీఐ గారన్నారు."

"సీఐ గారు అన్నారని రాయి. రెండో పేజీల ఏమున్నది?"

అవతల కాగితాలు తిప్పుతున్న చప్పుడు వినబడింది. చాలాసేపు ఆ చప్పుడే. నేను ఫోన్ పెట్టేయకుండా ఆగాను.